పాటకి కూడా మస్టర్ పడుతుందా?

‘ఇంట్లోనే రికార్డింగ్ స్టూడియోనా?’ అని ముక్కున వేలేసుకునే రోజులు పోయాయి!

ఒకప్పుడు పాట రికార్డు కావాలంటే మద్రాసు రైలెక్కాల్సిందే. వాద్యబృందమంతా ఒకే హాల్లో కూర్చుని వాయిస్తూ వుంటే, గాయకుడు మైకు ముందు నిలబడి పాడేవాడు. ఆఖరి చరణంలో ఎవరి వేలు జారినా సరే... మళ్ళీ పల్లవి నుంచి! పాతతరం గాయనీ గాయకుల ఇంటర్వ్యూల్లో ఈ ముచ్చట్లు మీరు చదివే వుంటారు. తర్వాత 1989లో కోడంబాకంలో ఒక కుర్రాడు తన ఇంటి ఆవరణలోనే ‘పంచతన్ రికార్డ్ ఇన్’ పేరుతో స్టూడియో కట్టుకున్నాడు. 1992లో ‘రోజా’ పాటలు అందులోంచే బయటికొచ్చాయి. ఆ కుర్రాడు ఏ.ఆర్. రెహమాన్ అని మీకు నేను వేరే చెప్పాలా?

ఇప్పుడా సరదా మా గోదావరిఖని దాకా వచ్చేసింది. బొగ్గు లారీల దుమ్ము మధ్య, ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగుకి కిటికీ అద్దాలు గలగలమనే ఇళ్ళలో, లాప్‌టాప్ ముందు పెట్టుకుని కుర్రాళ్ళు జానపదాలు రికార్డు చేస్తున్నారు. బతుకమ్మ పండగ దగ్గరపడితే చాలు, యూట్యూబు నిండా కొత్త పాటలే! 2023లో సింగరేణి బొగ్గుగనుల నేపథ్యంతో ‘దసరా’, అదే ఏడు ‘బలగం’ వచ్చాక మా యాసకీ, మా బాణీలకీ గిరాకీ ఇంకా పెరిగింది. ‘బలగం’ పాటకి కాసర్ల శ్యామ్ గారికి జాతీయ అవార్డు కూడా వచ్చింది కదా!

నాదీ అలాంటి స్టూడియోనే. వృత్తి పత్రికలకి వ్యాసాలు రాయడం. ఎక్కడా ఉద్యోగం కాదు కనక నెల జీతమనే మాట లేదు. ఆ ఖాళీని పూడ్చుకోవడానికి పదడుగుల గదిలో ఈ స్టూడియో. గోడలకి అమ్మ కుట్టిన బొంతలు, ఒక కండెన్సర్ మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్, అయిదేళ్ళనాటి లాప్‌టాప్... అదీ నా ఆస్తి. పాడేటప్పుడు ఫ్యాను ఆపెయ్యాలి. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం ప్రాంతంలో ఫ్యాను ఆపడమంటే ఏమిటో ఒక్కసారి వచ్చి చూడండి. మా గాయకులు పాడేది సగం, తుడుచుకునేది సగం!

ఇన్ని వున్నా నా దగ్గర ఒకటి లేదు. మాస్టరింగుకి సరైన సాఫ్ట్‌వేర్. అది ఎంచుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల కథే ఇది, చిత్తగించండి.

కాకా వచ్చాడు

ఆయన రిటైరైన బొగ్గుబాయి కార్మికుడు. పేరు రాయొద్దన్నాడు. అందరూ పిలిచినట్టే నేనూ ‘కాకా’ అంటాను. ముప్పయ్యేళ్ళు అండర్‌గ్రౌండులో కోల్ ఫిల్లర్‌గా చేశాడు. అంటే పేల్చిన బొగ్గుని చేతులతో ఎత్తి టబ్బుల్లో నింపే పని. ఆయనతో జోడీగా పనిచేసిన స్నేహితుడు ఒక నైట్ షిఫ్టులో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ స్నేహితుడి మీద కాకా ఒక పాట కట్టాడు. రాయలేదు సుమండీ, కట్టాడు! ఎన్నో ఏళ్ళుగా అది ఆయన గొంతులోనే వుంది తప్ప కాగితం మీద ఎక్కడా లేదు.

ఆ స్నేహితుడి భార్య ఇప్పుడు వాళ్ళ సొంత ఊళ్ళో వుంటున్నది. ఆమెకి ఆ పాట వినిపించాలని కాకా కోరిక. “నా ఊపిరి ఎన్నొద్దులుంటదో తెల్వది బిడ్డా. గొంతు ఉన్నప్పుడే పట్టి పెట్టు” అన్నాడు.

పట్టి పెట్టాను. వాయిద్యమల్లా ఆయన మనవడు వాయించిన డప్పు ఒక్కటే. పాట పల్లవిలో గొంతు ఎత్తి పిలుస్తుంది. రెండో చరణంలో, ఆ రాత్రి సంగతి వచ్చే దగ్గర, కాకా గొంతు దాదాపు గుసగుసగా దిగిపోతుంది. డప్పు కూడా ఆగిపోతుంది. ఊపిరి తీసుకునే శబ్దం వినిపిస్తుంది. మళ్ళీ పల్లవి... ఒక్కసారిగా పైకి!

“కాకా, ఇక మిక్సింగ్ చేసి, మాస్టరింగ్ చేస్తే అయిపోయినట్టే” అన్నాను.

“ఏంది బిడ్డా? పాటకు గూడ మస్టర్ పడుతదా?” అన్నాడు కాకా ఆశ్చర్యంగా.

వేరే ఊళ్ళ పాఠకుల కోసం చెబుతున్నాను. సింగరేణిలో మస్టర్ అంటే హాజరు. మస్టర్ పడితేనే ఆ రోజు డ్యూటీ చేసినట్టు లెక్క. లేకపోతే ఎంత దూరం నుంచి వచ్చినా నాగానే! నాకు నవ్వొచ్చింది గానీ, కాకా అన్నదాంట్లో తప్పేమీ లేదనిపించింది. పాట బయటి ప్రపంచంలోకి వెళ్ళేముందు ఆఖరి లెక్క చూసేది మాస్టరింగే కదా!

సినిమా అభిమానులకి సులభంగా అర్థమయ్యేట్టు చెప్పాలంటే... షాట్లన్నీ కూర్చడం ఎడిటింగ్. ఆ తర్వాత రీలు రీలుకీ రంగు తేడా లేకుండా సరిదిద్దేది డీఐ. పాటలో గొంతునీ డప్పునీ ఎంత పాళ్ళలో కలపాలో చూసేది మిక్సింగ్. కలిపిన పాట మొత్తం మీద ఎక్కువ తక్కువలు సవరించి, ఫోన్లోనైనా కార్లోనైనా ఒకేలా వినిపించేట్టు చేసేది మాస్టరింగ్.

సూది ఎగిరిపడేది!

గ్రామఫోను రోజుల్లో ఈ పని సాఫ్ట్‌వేర్‌తో కాదు, ఉలితో చేసినట్టుండేది. టేపు మీది పాటని లాకర్ పూత పూసిన పళ్ళెం మీద గాడిగా చెక్కేవాళ్ళు. బేస్ మరీ ఎక్కువైతే ఆ గాడి అడ్డదిడ్డంగా ఊగి, మనింట్లో ప్లేయరు మీద సూది ఎగిరిపడేది. కనక చెక్కేవాడు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ వదిలెయ్యాలో చెవితో తేల్చుకునేవాడు. కాసెట్లు వచ్చాక టేపు ‘స్...స్’ అనే హిస్సుతో పోరాటం.

సీడీలొచ్చాక సూదీ పోయింది, హిస్సూ పోయింది. 1994లో వేవ్స్ అనే కంపెనీ ‘ఎల్1’ అనే లిమిటర్ సాఫ్ట్‌వేర్ తెచ్చింది. లిమిటర్ చేసే పని ఏమిటంటే, శబ్దంలో పైకి లేచిన కొసల్ని అదిమిపెట్టి మొత్తం పాటని పైకి నెట్టడం. దాంతో ‘ఎవరి పాట గట్టిగా వినిపిస్తే వాళ్ళే మొనగాళ్ళు’ అనే పోటీ ముదిరిపోయింది. 2008లో మెటాలికా బృందం ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ విడుదల చేస్తే అభిమానులే గోలపెట్టారు. సీడీలో పాటలు బద్దలవుతున్నాయని, అవే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియోగేములో అంతగా అదమకుండా హాయిగా వున్నాయని పక్కపక్కన పెట్టి చూపించారు. అభిమానుల చెవులంటే మాటలా!

రంగంలో నలుగురు హీరోలు

సరే, మన కథలోకి వద్దాం. నా ముందు నలుగురు హీరోలు నిలబడ్డారు.

మొదటి హీరో ఓజోన్. ఐజోటోప్ కంపెనీది, 2001 నుంచీ వున్నది. ఈక్వలైజరు, కంప్రెసరు, లిమిటరు అన్నీ ఒకే పెట్టెలో వుంటాయి. 2017లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ నుంచి ‘మాస్టర్ అసిస్టెంట్’ వుంది. పాట తనే విని, ‘ఇలా చేస్తే బాగుంటుంది’ అని సలహా ఇస్తుంది. నచ్చకపోతే మనం మార్చుకోవచ్చు. అందగాడు, తెలివైనవాడు. కానీ పూర్తి ప్యాకేజీ పారితోషికం వింటే నాలాంటి నిర్మాత రెండడుగులు వెనక్కి వేస్తాడు!

రెండో హీరో వేవ్‌ల్యాబ్. జర్మనీకి చెందిన స్టెయిన్‌బర్గ్ వాళ్ళది, 1995లో వచ్చింది. పది పాటల ఆల్బమ్ చేసేవాళ్ళకి ఇది పెద్ద అండ. పాటల వరస, మధ్యలో ఖాళీలు, ఒక పాటకీ ఇంకో పాటకీ శబ్దం సమంగా వుండటం అన్నీ ఒక్కచోటే చూసుకోవచ్చు. నేను చేసేది ఒక్కొక్క పాటే. ఒక్క సీనుకి అంత పెద్ద నటుడెందుకు?

మూడో హీరో రీపర్. దీన్ని మొదలుపెట్టిన జస్టిన్ ఫ్రాంకెల్ ఎవరో తెలుసా? 1997లో వినాంప్ తయారుచేసిన మనిషి! ఎంపీ3లు వినాంప్‌లో పెట్టుకుని విన్న అన్నయ్యలూ అక్కయ్యలూ మీ ఇంట్లో వుంటే అడిగి చూడండి. రీపర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూసుకోవచ్చు. తర్వాత నాలాంటి చిన్న సంపాదన వాళ్ళకి లైసెన్సు 60 డాలర్లు. ఈక్వలైజరు, కంప్రెసరు, లిమిటరు దాంతోపాటే వస్తాయి. పాత లాప్‌టాప్ మీద కూడా మొరాయించకుండా నడుస్తుంది. చూడ్డానికి మాత్రం మేకప్ లేని క్యారెక్టర్ ఆర్టిస్టులా వుంటుంది.

నాలుగో హీరో... మనిషే అక్కర్లేని ఆన్‌లైన్ మాస్టరింగ్. 2014లో మాంట్రియల్ నుంచి లాండర్ వచ్చాక ఇలాంటివి చాలా పుట్టుకొచ్చాయి. పాట పంపితే చాలు, కాసేపట్లో మాస్టర్ చేసి పంపేస్తాయి. ఆపిల్ కంప్యూటరున్న అదృష్టవంతులకి లాజిక్ ప్రోలో కూడా 2023 నుంచి ఇలాంటి అసిస్టెంట్ వుంది.

‘అన్నా, క్రాక్ వెర్షన్ దొరుకుతుంది కదా’ అని మీలో ఎవరో అనుకుంటున్నారని నాకు తెలుసు. విడుదలైన రోజే థియేటర్లో కెమెరాతో దొంగతనంగా తీసిన సినిమా చూసేవాణ్ణి మనం ఏమంటాం? ఇదీ అదే! పైగా ఆ క్రాకుతోపాటు వచ్చే వైరసు హార్డ్‌డిస్కుని మింగితే, మళ్ళీ పాడటానికి కాకాకి ఊపిరి కావాలి కదా.

గుసగుస అరుపైతే...

ముందుగా ఒక ఆన్‌లైన్ సర్వీసుకి పంపి చూశాను. పేరెందుకు లెండి. తిరిగొచ్చిన పాట వినగానే ‘అబ్బో!’ అనిపించింది. గొంతు మొహమ్మీదకొచ్చింది. డప్పు గుండెలమీద కొట్టింది. కాకాని పిలిచి హెడ్‌ఫోన్స్ పెట్టాను.

పల్లవికి తల ఊపాడు. రెండో చరణం రాగానే తల ఊపడం ఆపేశాడు. హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టి, “నేను మెల్లగ అన్న కాడ గూడ గట్టిగనే వినబడుతాంది బిడ్డా. నేను గట్ల పాడలే” అన్నాడు.

“టెక్నిక్ కాకా, అన్నీ సమానంగా వినిపించాలని...”

“అన్నీ సమానమెట్లయితయ్? వాడు పోయిన ముచ్చట పదిమందిల అరిచి చెప్తమా?”

నా దగ్గర జవాబు లేదు. స్క్రీను మీద రెండు పాటల బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాను. నా మిక్సు కొండలూ లోయలుగా వుంది. తిరిగొచ్చింది బొగ్గు వ్యాగన్ల వరసలాగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఎత్తు! కొలిచి చూస్తే, గుసగుసకీ పల్లవికీ మధ్య నా మిక్సులో 12 డెసిబెల్స్ తేడా వుంటే, ఇందులో నాలుగే మిగిలింది. ఊపిరి శబ్దం కూడా పైకొచ్చి, ఆయాసపడుతున్న మనిషిలా వినిపిస్తోంది.

గట్టిగా అరిస్తే ఏం లాభం?

‘అయితేనేం, యూట్యూబులో గట్టిగా వినిపిస్తుంది కదా’ అంటారా? అక్కడే వుంది కిటుకు! కొత్తగా ఇంట్లో స్టూడియో పెట్టుకున్న ప్రతివాడూ ఇది తెలుసుకోవాలి.

శబ్దం చెవికి ఎంత గట్టిగా తోస్తుందో కొలవడానికి 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ఒక పద్ధతి ఖాయం చేసింది. దాని కొలమానం లఫ్స్. సున్నాకి దగ్గరయ్యే కొద్దీ గట్టి శబ్దమన్నమాట. యూట్యూబూ, స్పాటిఫై సుమారు మైనస్ 14 లఫ్స్ దగ్గరా, ఆపిల్ మ్యూజిక్ సుమారు మైనస్ 16 దగ్గరా పాటల్ని సమం చేస్తాయి. మీరు నానా తంటాలు పడి పాటని మైనస్ 8 దాకా తోశారనుకోండి. యూట్యూబు నిర్దాక్షిణ్యంగా ఆరు డెసిబెల్స్ తగ్గించేస్తుంది! శబ్దం తగ్గుతుంది గానీ, మీరు అదిమిన కొండలు మాత్రం తిరిగి లేవవు. అంటే గొంతు పిసికిన పాపం మిగిలింది, గట్టిదనం దక్కలేదు.

ఇంకో మాట. మెల్లగా వున్న పాటని యూట్యూబు తనంతట తాను పెంచదు. అది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఆటోలో పరీక్ష

ఓజోన్ ట్రయల్లో ఒకటి, రీపర్లో ఒకటి చేశాను. ఆన్‌లైన్ సర్వీసుదాంతో కలిపితే మూడు. యూలీన్ అనే మీటరు ఉచితంగా దొరుకుతుంది. దానితో కొలిచి మూడింటినీ ఒకే లఫ్స్‌కి తెచ్చాను. ఎందుకంటే, ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మన చెవి ‘ఇదే బాగుంది’ అని మోసపోతుంది! వాటికి ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టి, ఏది ఏదో ఎవరికీ చెప్పకుండా ఇయర్‌ఫోన్స్‌లో, ఫోన్ స్పీకర్లో, మా వీధి ఆటోలో వినిపించాను.

ఫోన్ స్పీకర్లో డప్పు లోతు అసలు లేదు. ఆ చిన్న స్పీకరు కింది శబ్దాల్ని పలకలేదు. బేస్ ఎంత పెంచినా దండగే. ఆటోలో మాత్రం సీటు వెనక పెద్ద బాక్సులు కదా, ఇంతవరకూ వినపడని ‘గుమ్’మనే మోత ఒకటి బయటపడింది. అది 50 హెర్ట్జ్ కరెంటు హమ్! 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ పక్కనే పెట్టుకుని కరెంటు మా పాటలోకి దూరకపోతే ఎలా అని అందరూ నవ్వారు. నిజానికి తప్పు ఎన్‌టీపీసీది కాదు, మా ఇంటి ఎర్తింగుది. దాని కింద దూరంగా లారీల రొద కూడా వుంది. మిక్సుకి వెనక్కి వెళ్ళి, కాకా గొంతు అంతకంటే కిందికి దిగదు కనక, గొంతు ట్రాకులో 70 హెర్ట్జ్ కింద వున్నదంతా కోసేశాను. మాస్టరింగులో అదే పని చేసి వుంటే డప్పు కూడా తెగిపోయేది.

ఇక తీర్పు! ఆటో డ్రైవరు ఆన్‌లైన్‌దే బాగుందన్నాడు. ఇంజను మోతలో గుసగుస వినపడాలంటే అదే నయమట. అతని మాటా నిజమే. కాకా మాత్రం మొదటి రెండింటిలో ఏదైనా ఫరవాలేదన్నాడు. ఓజోన్‌కీ రీపర్‌కీ తేడా ఎవ్వరూ పట్టలేకపోయారు, నాతో సహా! రెండింట్లోనూ లిమిటరుని అంటీ అంటనట్టు వాడింది ఈ చేతులే మరి.

అక్కడ నా బేరం తేలిపోయింది. తేడా నా చెవికే తెలియనప్పుడు అంత డబ్బు పెట్టడమెందుకు? రీపర్ లైసెన్సు కొన్నాను. దానికి ఉచితంగా దొరికే టీడీఆర్ నోవా ఈక్వలైజరూ, యూలీన్ మీటరూ తోడయ్యాయి. మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాను.

‘అయితే మెల్లగా చెయ్యడమే గొప్పా?’ అనకండి. ఆ నెలలోనే ఒక బతుకమ్మ పాట బృందం వచ్చింది. వాళ్ళ పాట మోగేది డీజే బాక్సుల్లో, పెన్‌డ్రైవు నుంచి. అక్కడ సమం చేసే యూట్యూబు లేదు! అదే రీపర్లో మైనస్ 9 దాకా తోసి ఇచ్చాను. పిల్లలు ఎగిరి గంతేశారు. ఆ పాటకి అదే న్యాయం. ఎగరాల్సిన పాట ఎగరాలి, ఏడవాల్సిన పాట ఏడవాలి. ఏ పాటని ఎక్కడిదాకా అదమాలో మన చేతికి వదిలేసే సాఫ్ట్‌వేరే నాకు కావలసింది. రెండు నెలల వెతుకులాటలో తేలిన సంగతి ఇంతే.

కాకా పాట మైనస్ 16 దగ్గర ఆగింది. యూట్యూబులో పక్కపాటల కంటే కాస్త మెల్లగా వినిపిస్తుంది. “అన్నా, సౌండ్ తక్కువున్నది. జనం స్కిప్ కొడతరు” అన్నాడు మనవడు. వాడి బాధలోనూ నిజం వుంది. నిజంగానే పెద్దగా వ్యూస్ రాలేదు. కాకా మాత్రం, “తక్కువైతే పెంచుకోరా, నీ చేతులనే ఉన్నది గద!” అన్నాడు.

తర్వాత ఆ స్నేహితుడి ఊరు వెళ్ళి, ఆయన భార్య ముందు ఫోన్ పెట్టి వినిపించి వచ్చాడు. ఏమన్నదని అడిగాను. “ఏమనలే. ఇంకోసారి పెట్టుమన్నది” అన్నాడు.

మీరూ మొదలుపెడుతున్నారా?

ఇంట్లో స్టూడియో పెట్టాలని ఉబలాటపడే మిత్రులకి నాలుగు మాటలు.

డబ్బు ముందు గదికీ మైకుకీ హెడ్‌ఫోన్స్‌కీ పెట్టండి. సాఫ్ట్‌వేర్ ఆఖర్న. ఏది కొనాలన్నా ముందు ట్రయల్ వాడండి. మీ పాటనే, ఒకే లఫ్స్‌కి తెచ్చి, పేర్లు దాచి వినండి. ఫోన్లో, ఆటోలో, మీ అమ్మగారి పాత సెట్లో కూడా వినండి. కొసలు మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూడండి. యూట్యూబు వాళ్ళు ఫైలుని కుదించినప్పుడు బద్దలు కాకుండా వుంటుంది. మిక్సులో తప్పుంటే మిక్సుకే వెళ్ళండి.

అన్నిటికంటే ముఖ్యం... మాస్టర్ చేసిన పాట మొదట పాడిన మనిషికి వినిపించండి. ‘ఇది నా గొంతే’ అని ఆ మనిషి ఒప్పుకుంటేనే దానికి మస్టర్ పడినట్టు!